కాలేజీ ఫుట్‌బాల్, నా కేకల టేపు

విశాఖపట్నంలో మా మేనకోడలి కూతురు జయ, కాలేజీ ఫుట్‌బాల్ పోటీలను ఫోన్లలో చూపించే ఒక కంపెనీలో శబ్దం పనికి చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "తాతయ్యా, ప్రసార హక్కుల కోసం ఇక్కడ రెండు కంపెనీలు కొట్టుకుంటున్నాయి. మీ రోజుల్లో రంగూన్‌లో ఎలా ఉండేది?" అని అడిగింది. మా రోజుల్లో ఉన్నది ఒకే టీవీ స్టేషను. దానితో కొట్టుకోవడానికి ఎవరూ లేరు. కొట్టుకోవాలని ఉన్నవాళ్ళు ఆ కోరిక బయటపెట్టేవాళ్ళు కాదు. ఫోన్లో చెబితే పిల్లకి సగమే అర్థమైంది. అందుకని రాస్తున్నాను. తెలుగులో రాయడానికి రెండు కారణాలు. జయకు బర్మీస్ రాదు. మా పాత మేజర్‌గారికి తెలుగు రాదు.

నా పేరు సింహాచలం. స్టేషన్లో కో సాన్ విన్. రంగూన్‌లో మా తెలుగువాళ్ళకి చాలామందికి ఇలా ఇంటికొక పేరు, ఆఫీసుకొక పేరు ఉంటాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చేసింది ఒకటే పని. మైకు పెట్టడం, అందులోకి వచ్చిన శబ్దాన్ని సరిచూసి బొమ్మతో పాటు పంపడం. ప్రమోషన్ల సంగతి రాయను. వాటివల్ల కుర్చీ మారింది గాని పని మారలేదు.

హక్కులకు కట్టిన ధర

నాకు మొదటి పై అధికారి ఊ బ టిన్; బర్మీస్‌లో ఊ అంటే గారు. మైదానాల నుంచి జరిగే ప్రసారాలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. గురువుగారూ అన్నట్టు ఆయన్ని అందరం "సయా" అనేవాళ్ళం. కిళ్ళీ నములుతూ నెమ్మదిగా మాట్లాడేవాడు. ఎవరు ఏం అడిగినా ముందు సరే అనేవాడు, తర్వాత ఆలోచించేవాడు.

ఏటా వైద్య కళాశాలకూ ఇంజనీరింగ్ కళాశాలకూ మధ్య ఫైనల్ జరిగేది. దాన్ని చూపించాలంటే రెండు కాలేజీల ప్రిన్సిపాళ్ళూ ఒప్పుకోవాలి. స్టేషనూ సర్కారుదే, కాలేజీలూ సర్కారువే, కాబట్టి డబ్బు ఊసు లేదు. అయినా హక్కంటూ ఒకటి చేతిలో ఉన్నాక ఊరికే ఇవ్వడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఒక ఏడాది వైద్య కళాశాల ప్రిన్సిపాల్‌గారు, "గోల్ పడినప్పుడల్లా నా ముఖం చూపించండి" అన్నారు. సయా సరే అన్నాడు. ఆ కబురు రెండో ప్రిన్సిపాల్‌గారికి చేరింది. "అయితే నా ముఖమూ చూపించాలి, పక్కన మా ఆవిడా ఉండాలి" అన్నారాయన. సయా దానికీ సరే అన్నాడు.

ఆ ఏడాది గోల్స్ వానలా పడ్డాయి. మాకున్నవి రెండే కెమెరాలు. బంతి గోల్ దగ్గరికి వెళ్తోందనగానే రెండూ తలతిప్పి చెరో ప్రిన్సిపాల్ మీదకి వెళ్ళిపోయేవి.

మర్నాడు పబేడాన్ పేటలో పోలయ్య బావ కొట్టుకి వెళ్ళాను. పోలయ్య మా ఆవిడ అన్నగారు, పప్పుల వ్యాపారం. వీధి మొత్తానికి ఆయనదే టీవీ. కందిపప్పు బస్తాల మీద, రోడ్డు వైపు ముఖం పెట్టి ఉండేది. ఫైనల్ రోజున ఆ వీధిలో సైకిలు కూడా నడిచేది కాదు.

"ఏటి బావా, నిన్న గోలు ఎవులు కొట్టినారు?" అన్నాడు, నన్ను కూర్చోమని కూడా అనకుండా.

"నువ్వు చూశావు కదా!"

"నానేటి సూసినాను? ఒక బట్టతల సూసినాను. మల్లీ ఇంకో బట్టతల సూసినాను. మద్దిలో ఒకావిడ కొప్పులో పువ్వు సరుదుకుంటన్నాది. ఆ రెండు బట్టతలల్లో ఏది గెలిసిందో సెప్పు, సాలు."

వెళ్ళి సయాతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. తర్వాతి ఆట రోజున తనే వచ్చి పోలయ్య బావ కొట్టు ముందు, జనం మధ్య, నేల మీద కూర్చున్నాడు. అప్పుడు మాకు ఇద్దరికీ తెలిసింది ఏమిటంటే, కరెంటు తగ్గినప్పుడల్లా బొమ్మ నలువైపులా ముడుచుకుపోయేది, శబ్దం మాత్రం మిగిలేది. పోలయ్య బావ బేరం చేసుకుంటూ, పప్పు తూస్తూ, కేక వినిపించినప్పుడే తలెత్తేవాడు. ఆట మొత్తం చెవులతోనే చూసేవాడు. ఆ మర్నాటి నుంచి స్టేషన్లో ఉన్న మంచి మైకు నాకు దక్కింది.

జయా, మీ కంపెనీలో హక్కులు ఎవరు ఎవరికి అమ్మినా నీకు సంబంధం లేదు. కాని ఆ ధర ఆఖరికి చూసేవాడి దగ్గరే వసూలవుతుంది. ఏ రూపంలో వసూలవుతోందో తెలియాలంటే స్టేషన్లో కూర్చుంటే కుదరదు. వీధిలోకి వెళ్ళి కూర్చోవాలి.

ఆఖరి ఫైనల్

గొడవలకు ముందు జరిగిన ఆఖరి ఫైనల్‌కి రిఫరీ మా తవిటయ్య బాబాయి. మా నాన్నకి వరసకు తమ్ముడు. హార్బరు గోదాములో గుమస్తా, సెలవు రోజుల్లో రిఫరీ. మైదానంలో ఆయన పేరు ఊ మ్యా. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ కిందకి దిగే నిక్కరుతో ఉండేవాడు. బంతి కంటే వెనక పరిగెత్తడం ఆయనకు అలవాటు.

అదనపు సమయం మొదట్లో ఇంజనీరింగ్ పిల్లలు కొట్టిన శుద్ధమైన గోల్ ఆయన చెల్లదన్నాడు. ఈల ఊదగానే మైదానం అంతా లేచింది. "దిగిపో! దిగిపో!" అని ఒకటే అరుపు. బర్మీస్‌లో ఆ మాట ఇంకా చిన్నది, ఒక్క దెబ్బలా పడుతుంది. వేలమంది కుర్రాళ్ళు పాదాలతో చెక్క మెట్లను తొక్కుతూ అరుస్తుంటే నా చెవులకున్న హెడ్‌ఫోన్లు వణికాయి. నా ఉద్యోగ జీవితంలో పట్టిన శబ్దాల్లో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

మరుసటి ఏడు ఫైనల్ లేదు. అదే కుర్రాళ్ళు వీధుల్లోకి వచ్చారు. అదే మాట అరిచారు, ఈసారి రిఫరీని కాదు. మా స్టేషన్లో కూడా కొన్నాళ్ళు పని ఆపాం. తర్వాత సైన్యం వచ్చింది. కాల్పులు జరిగాయి. కాలేజీలకు తాళాలు పడ్డాయి. ఆఖరి ఫైనల్ ఆడిన పిల్లల్లో కొందరు సరిహద్దు అడవుల్లోకి వెళ్ళారని, కొందరు జైల్లో ఉన్నారని విన్నాం. కొందరి గురించి ఏమీ వినలేదు. మా గదిలో చాలా కుర్చీలు ఖాళీ అయ్యాయి. నా ఉద్యోగం మిగిలింది. ఎందుకు మిగిలిందో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మేజర్‌గారి ఫైనల్

స్టేషన్ మీద అధికారిగా ఒక మేజర్‌గారు వచ్చారు. అంతకుముందు ఆయన సైన్యానికి బూట్లు సరఫరా చేసే విభాగంలో ఉండేవారట. చెడ్డవాడని అనలేను. ప్రసారం కూడా సరఫరాయేనని నమ్మిన మనిషి. "వార్తల ముందు సంగీతం ఇంకాస్త లోడు చెయ్యండి" అనేవారు.

ఒకరోజు సయానీ నన్నూ పిలిచారు.

"ఈ నెల కాలేజీ ఫైనల్ ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాం. కాలేజీలు మామూలుగా ఉన్నాయని దేశం చూడాలి."

"కాలేజీలు మూసి ఉన్నాయి సార్" అన్నాడు సయా.

"ఫైనల్‌కి కాలేజీ ఎందుకు? మైదానం చాలు కదా."

"ఆటగాళ్ళు?"

"మింగళాడోన్ కంటోన్మెంట్ నుంచి వస్తారు. కాలేజీ బనియన్లు వేసుకుంటారు."

"ప్రేక్షకులు?"

"ఆఫీసుల నుంచి వస్తారు. బస్సులు పెట్టాం."

సయా కిళ్ళీ ఓ పక్కకి నెట్టుకుని, "ప్రిన్సిపాళ్ళు ఇద్దరూ ఇళ్ళలో ఉన్నారు. మరి హక్కులు ఎవరిని అడగమంటారు?" అన్నాడు.

"ఏ హక్కులు?" అన్నారు మేజర్‌గారు.

వెటకారంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగారు.

ఆట రోజు పొద్దున్నే బస్సుల్లో గుమస్తాలు, టైపిస్టులు, పోస్టాఫీసువాళ్ళు దిగారు. అందరికీ చిన్న జెండాలు పంచారు. ఓ సార్జెంటు ఎర్ర గుడ్డ ఊపితే చప్పట్లు కొట్టాలి, దించితే ఆపాలి. ఒకసారి సాధన చేయించారు. చప్పట్లు పరేడ్‌లో అడుగుల్లా వరసగా పడ్డాయి, ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత ఎవరో దగ్గిన దగ్గు మైదానం ఆ చివరి దాకా వినిపించింది.

"ఇదేమిటి, శవం దగ్గర కూర్చున్నట్టున్నారు?" అన్నారు మేజర్‌గారు. "శబ్దం ఏది? నీ దగ్గర నిలవ లేదా?"

ఉంది. కొత్త టేపులు దేశంలోకి రావడం ఎప్పుడో మానేశాయి. పాత ఆటల టేపుల మీద పాటలు, ఉపన్యాసాలు ఎక్కించేశాం. మిగిలింది ఆఖరి ఫైనల్ ఒక్కటే. ఆ సంగతి చెప్పాను. మైదానంలో స్పీకర్లకు కూడా కలపమన్నారు, అది విని గుమస్తాలకు ఉత్సాహం వస్తుందని.

"సార్, ఆట మామూలు సమయానికి ముగిస్తే ఏ ఇబ్బందీ లేదు. ఆ పైన టేపు వెయ్యకూడదు."

"ఏం?"

"అక్కడ జనానికి కోపం వస్తుంది."

"ఎవరి మీద?"

"రిఫరీ మీద సార్."

ఆయన నవ్వారు. "అంతదాకా రాదు. రెండో సగంలో గోల్ పడుతుందని ముందే చెప్పి ఉంచాం."

ఎవరూ గోల్ కొట్టాలనుకోని ఆట

గోల్ పడలేదు. ఆటగాళ్ళంతా ఒకే దళంవాళ్ళు. ఇంజనీరింగ్ బనియన్ వేసుకున్న జట్టుకి గోల్‌కీపర్ ఒక లెఫ్టినెంట్. సరదాపడి తనే ఆడతానన్నాడట. ఆయన మీదకి బంతి కొట్టే ధైర్యం ఎవరికుంటుంది? అవతలి జట్టు కెప్టెన్ మరో సార్జెంటు. ఆయన కాళ్ళ దగ్గర బంతి ఉంటే సిపాయిలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు. సార్జెంటు తాపీగా నడుచుకుంటూ గోల్ దాకా వెళ్ళేవాడు, లెఫ్టినెంటును చూసేవాడు, మర్యాదగా బంతి వెనక్కి తన్నేవాడు. అటు నుంచి కూడా, సార్జెంటు జట్టు మీద గోల్ కొట్టి రేపు బారక్‌లో ఎలా బతకాలని సిపాయిల బెంగ. తలల మీద సైన్యం క్రాపులు కనపడకూడదని కెమెరాలను దూరం పెట్టారు కాబట్టి టీవీలో బంతే కనపడలేదు. నేను మాత్రం టేపులోంచి గోల్ తప్పిన కేకలు, భలే అన్న కేకలు సమయం చూసి వదులుతూ ఉన్నాను. ఏమీ జరగని మైదానం మీద, ఇప్పుడు ఎక్కడున్నారో తెలియని పిల్లల గొంతులు.

మామూలు సమయం అయిపోయింది. అదనపు సమయం మొదలైంది. సరిగ్గా అప్పుడే కప్పు ఇవ్వాల్సిన పెద్దాయన కార్లో దిగాడు. పై నుంచి వచ్చినవాడు, మేజర్‌గారు ఆయన్ని చూస్తేనే నిటారు అయిపోయేంత పెద్దవాడు.

"సార్, టేపు వెనక్కి తిప్పుకోవాలి" అన్నాను.

"ఇప్పుడా? ఆయన కూర్చుంటుంటే మైదానం మూగబోవాలా? ఆపావంటే నీ ఉద్యోగం ఆగిపోతుంది."

నేను ఆపలేదు. టేపు సాగుతోంది. ముందు ఏం రాబోతోందో నాకు వరస తెలుసు. మొదట ఈల, ఆ వెంటనే తిట్లు.

స్పీకర్లలో ఈల మోగింది. మైదానంలో ఇరవై ఇద్దరు సిపాయిలూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కొందరు అటెన్షన్‌లో నిలబడ్డారు. తవిటయ్య బాబాయి, ఈసారి కూడా ఆయనే రిఫరీ, నోట్లో లేని ఈల కోసం చూసుకున్నాడు. అది జేబులో ఉంది.

మాకు పొడుగు కేబుల్ లేకపోబట్టి నా బల్ల మైదానం గీత పక్కనే ఉంది. లేచి నిలబడి తెలుగులో అరిచాను.

"బాబాయ్! పెనాల్టీ ఇచ్చీ!"

"ఎవులికిరా?"

"ఎవులికైనా! ఏగిరం! తిట్లు వచ్చేస్తన్నాయి!"

"ఏ తిట్లు?"

"నిన్ను తిట్టినవే! ఆఖరి ఫైనల్‌వి!"

ఆయన ఒక్క క్షణం నా టేపు చక్రాలను చూశాడు. స్పీకర్ల వైపు చూశాడు. జనాన్ని చూశాడు. తర్వాత జేబులోంచి ఈల తీసి గట్టిగా ఊది, దగ్గర్లో అటెన్షన్‌లో ఉన్న ఒక సిపాయిని వేలితో చూపించి, ఇంజనీరింగ్ జట్టు మీద పెనాల్టీ ఇచ్చేశాడు. కదలకుండా నిలబడినందుకు పెనాల్టీ పడిన ఆటగాడు ప్రపంచంలో ఆ సిపాయి ఒక్కడే అయి ఉంటాడు.

అప్పుడు మొదలైంది. "దిగిపో! దిగిపో!"

మేజర్‌గారి ముఖం తెల్లబోయింది. గుమస్తాలు ఉలిక్కిపడి అటూ ఇటూ చూశారు. ఆ మాట వాళ్ళు విని చాలా కాలమైంది. అన్నవాళ్ళకు ఏమైందో వాళ్ళకు తెలుసు. రిఫరీని చూశారు, పెనాల్టీ గుర్తు మీద బంతిని చూశారు. పోస్టాఫీసువాళ్ళ వరసలో ఒక లావుపాటి ఆవిడ లేచింది. జెండా పక్కన పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "రిఫరీ, దిగిపో!" అంది. పక్కాయన లేచాడు. వరస లేచింది. ఎర్ర గుడ్డ సార్జెంటు గుడ్డ దించాడు, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. ఎవరూ చూడలేదు.

ఈలోగా పెనాల్టీ కొట్టే పని కెప్టెన్ సార్జెంటు ఒక కుర్ర సిపాయికి అప్పగించాడు. ఆ కుర్రాడు లెఫ్టినెంటుగారిని చూసి చెయ్యి సగం ఎత్తి, సెల్యూట్ చెయ్యాలో వద్దో తెలియక దించుకుని, బంతిని పసిబిడ్డను నెట్టినట్టు నెట్టాడు. లెఫ్టినెంటుగారు మహా విసురుగా ఎడమవైపు దూకారు. బంతి కుడివైపు నుంచి నెమ్మదిగా వెళ్ళి వలలో కూర్చుంది.

ఇక మైదానం దద్దరిల్లింది. "దిగిపో! దిగిపో!" అందరూ రిఫరీ వైపే చేతులు చూపిస్తున్నారు. కళ్ళు మాత్రం కొందరివి అటు లేవు. నేను వాల్యూమ్ నాబ్‌ను మెల్లగా తగ్గించుకుంటూ పూర్తిగా మూసేశాను. అరుపు ఏమీ తగ్గలేదు.

ఇంతలో కప్పు ఇవ్వడానికి వచ్చిన పెద్దాయన లేచి నిలబడ్డాడు. మాకు ప్రాణాలు పోయాయి. ఆయనకు ఫుట్‌బాల్ అంటే పిచ్చి అని మాకెవరికీ తెలియదు. పిడికిలి ఎత్తి, మెడ నరాలు ఉబ్బగా, "అది పెనాల్టీ ఎలా అవుతుంది? రిఫరీ, దిగిపో!" అని అరిచాడు. పెద్దాయన అరిచాక మేజర్‌గారు ఊరుకోవడం మర్యాద కాదు. ఆయనా లేచి, సన్నటి గొంతుతో, "దిగిపో" అన్నారు. రెండో కెమెరా ఇద్దరినీ చక్కగా పట్టింది. ముఖాలు చూపించే అలవాటు దానికి ముందునుంచీ ఉంది.

తర్వాత

విచారణ జరగలేదు. ఎవరి మీద జరుపుతారు? పెద్దాయనే అరిచిన మాటను నేరం అనడానికి కాగితం మీద కలం పెట్టేవాడు లేడు. అది టేపు అంటే జనం అబద్ధమని ఒప్పుకోవాలి, జనం అంటే ఇంకా పెద్ద చిక్కు. "రిఫరీ నిర్ణయం పట్ల ప్రేక్షకులు క్రీడా స్ఫూర్తితో అసంతృప్తి తెలిపారు" అని సయా ఒక్క వాక్యం చెప్పాడు. అందరూ దాన్నే పట్టుకున్నారు.

మేజర్‌గారు మాత్రం నా చేత ఆ టేపును తన ఎదురుగా చెరిపించారు. దాని మీద బ్యాండు మేళం ఎక్కించాను. చక్రాలు తిరుగుతున్నంతసేపూ తలెత్తలేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

నన్ను వ్యవసాయ కార్యక్రమాలకు మార్చారు. రంగూన్ దగ్గర ట్వంటే అనే ఊరి కాలువల్లో పడవల మీద తిరుగుతూ రైతుల మాటలు, కుమ్మరులు కుండలు కొట్టే చప్పుడు, వానాకాలం కప్పల గోల పట్టాను. శిక్ష అనుకున్నారు వాళ్ళు. హాయిగా ఉండేది. కప్పలకు ఎర్ర గుడ్డ ఊపక్కర్లేదు.

పోలయ్య బావ ఆ ఆట గురించి ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు. "బంతి ఒక్క పాలి కూడా అగుపడ్లేదు బావా. అయినా అంత మంచి ఆట నాను సూడ్లేదు. ఈది ఈదంతా లెగిసి అరిసినాం. తుపాకులోలు ఎదుటే నిలబడి సూస్తన్నారు. ఏటంటారు? మేం రిఫరీని కదా అంటన్నాం!"

తవిటయ్య బాబాయికి మాత్రం ఈల పోయింది. జీవితాంతం రిఫరీగా పనికిరాడని ఉత్తర్వు ఇచ్చారు. నాకు ముల్లులా ఉండేది. చాలాకాలం తర్వాత, నేను కూడా పింఛను తీసుకున్నాక, ఒక మధ్యాహ్నం ఇద్దరం టీ దుకాణంలో కూర్చున్నాం. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని చూసి, నవ్వుతూ, "రిఫరీ సయా, దిగిపో!" అని చెయ్యి ఊపి వెళ్తున్నారు. ఆయనా చెయ్యి ఊపుతున్నాడు.

"బాబాయ్, ఆ రోజు నేను అలా అరిచేసరికి ఎదురు చెప్పకుండా ఎందుకిచ్చేశావు? నీ ఈల పోతుందని తెలుసు కదా."

ఆయన టీ సాసర్‌లో పోసుకుని చల్లార్చుకున్నాడు.

"ఒరే సిమ్మాచెలం, ఆలంతా బస్సుల్లో కుక్కుకొచ్చిన జనం. ఎన్నాళ్ళనుంచో నోరు కట్టేసుకుని ఉన్నారు. ఆలకి అరవడానికి ఎవులో ఒకలు గావాల కదా" అన్నాడు. "నాను ఆడ ఊరికే నిలబడ్డాను. కాలీగా ఉన్నాను. అననీ అనుకున్నాను."

ఇంకో టీ చెప్పాడు.